షా బేలో తొమ్మిది పడవల వాడ

బుధవారం ఆఫీసులో కూర్చుంటే కుర్చీ ఊగుతున్నట్టే ఉంది. నేల మీదకి వచ్చి రెండు రోజులు దాటినా ఒళ్లు ఇంకా నీళ్ల మీదే ఉంది. ఈ ఊపు పోకముందే రాసేస్తున్నాను.

ముందు ఎవరి పడవో చెప్పాలి. మా ఆవిడ చిన్నాన్న, అంటే నాకు చిన్నమామగారు. కాకినాడలో జగన్నాథపురం వంతెన మీద నిలబడి పడవలు లెక్కపెడుతూ పెరిగానంటారు. మేరీలాండ్ వచ్చి ముప్ఫై ఏళ్లు దాటింది. రిటైరయ్యాక 1986లో తయారైన 34 అడుగుల తెరచాప పడవ కొన్నారు. "పాత కారు ధరకే వచ్చింది" అని అత్తయ్యగారికి చెప్పారట. ఏ కారో మాత్రం చెప్పలేదు. నేను నల్లగొండ వాణ్ణి. సాగర్ గేట్లు ఎత్తారంటే బస్సెక్కి వెళ్లి చూసొచ్చిన అనుభవమే తప్ప, నీళ్లతో నాకు వేరే చుట్టరికం లేదు.

ఏటా సెప్టెంబరులో ఆయన, ఆయన స్నేహితులు, అమెరికా తూర్పు తీరంలో సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన చెసపీక్ బేలో ఒక మూలకి పడవలు తీసుకెళ్తారు. ఒక పెద్ద పడవ లంగరు వేస్తుంది. మిగిలినవి ఒక్కొక్కటే వచ్చి దాని పక్కన, వాటి పక్కన ఇంకోటి, అలా తాళ్లతో కట్టేసుకుంటాయి. రాఫ్టప్ అంటారు దీన్ని. వంట, తిండి, నిద్ర అన్నీ అక్కడే. ఈసారి మా ఆవిడకి ఆఫీసులో ఆన్‌కాల్ పడింది. నేను, పదకొండేళ్ల మా పాప బయల్దేరాం.

శుక్రవారం రాత్రి, బ్యాక్ క్రీక్

మేరీలాండ్ రాజధాని అన్నాపొలిస్ చేరేసరికి ఎనిమిదిన్నర. పడవ ఉండేది ఈస్ట్‌పోర్ట్ వైపు, బ్యాక్ క్రీక్‌లో. ఈస్ట్‌పోర్ట్ వాళ్లకి కాస్త తిక్క ఉందని మామయ్యగారు కారు దిగగానే మొదలుపెట్టారు. 1998లో ఊళ్లోకి వెళ్లే వంతెనని రిపేరు కోసం మూసేస్తే, వీళ్లు మాది వేరే దేశం అని సరదాగా ప్రకటించుకున్నారట. జెండా కూడా ఉంది. ఇళ్ల ముందు ఇప్పటికీ ఎగరేస్తారు.

పడవ ఎక్కబోతుంటే "చెప్పులు ఇక్కడే వదలండి అల్లుడుగారూ, గుడికొచ్చినట్టే అనుకోండి" అన్నారు. పెళ్లై పద్నాలుగేళ్లైనా ఆయన నన్ను 'మీరు' అనే అంటారు. వద్దని ఎన్నిసార్లు చెప్పినా లాభం లేదు. గోదావరి జిల్లాల మర్యాద, దానికి ఎదురు వెళ్లకూడదు.

సామాను దించుతుంటే ఆయన చూపు నా సంచిలోంచి తొంగి చూస్తున్న అరటిపళ్ల మీద పడింది. మా ఆవిడ సర్దింది, డజను. ప్రయాణానికి పళ్లు పట్టుకెళ్లడంలో తప్పేముంది? "అయ్యో, పడవలోకి అరటిపళ్లా?" అన్నారు. అరటిపండు ఉన్న పడవకి కీడు జరుగుతుందని ఇక్కడి పడవల వాళ్ల నమ్మకమట. "నాకేం పట్టింపు లేదు. మన దగ్గర అరటిపండు లేకుండా ఏ పనైనా మొదలవుతుందా? కానీ రేపు మన పక్కన కట్టే ఆయన చూస్తే మన పడవ మీద కాలు పెట్టడు." డజను పళ్లనీ స్టవ్ కింది అరలో, గిన్నెల వెనకాల దాచాం.

ఆ రాత్రి పడవ ముందు భాగంలో, కాళ్ల దగ్గరికి వచ్చేసరికి సన్నగా అయిపోయే పడక మీద నేనూ పాపా పడుకున్నాం. చెవికి జానెడు దూరంలో నీళ్లు. పక్క పడవల తాళ్లు తెరచాప స్తంభాలకి తగిలి టకటకమంటున్నాయి. పాప ఐదు నిమిషాల్లో నిద్రపోయింది. నేను రెండింటి దాకా టకటకలు లెక్కపెట్టాను.

శనివారం ఉదయం, బే మధ్యలో

కారులో అయితే వంతెన దాటి గంటలోపు వెళ్లిపోయే చోటికి పడవలో ఐదు గంటలు. నైరుతి గాలి బాగుంది. సెవర్న్ నది ముఖం దాటగానే మామయ్యగారు ఇంజన్ ఆపేశారు. అప్పటిదాకా నాకు తెలీదు, ఇంజన్ మోత ఆగాక తెరచాప పడవ ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో. నిశ్శబ్దంగా ఉంటుంది కానీ ఒక పక్కకి ఒరుగుతుంది. నేను ఒరగని పక్కకి జరిగి ఇనప కడ్డీ పట్టుకున్నాను. అత్తయ్యగారు పంపిన అల్లం మురబ్బా నోట్లో వేసుకుని, కళ్లు దూరంగా ఒడ్డు మీద పెట్టమన్నారు మామయ్యగారు. అలాగే చేశాను. పనిచేసింది.

"ఇక్కడ ఎంత లోతు తాతయ్యా?" అంది పాప. బే మొత్తానికి సగటు లోతు 21 అడుగులేనట. ఒకప్పుడిది సస్క్వహానా నది లోయ. మంచు యుగం అయిపోయి సముద్రం పైకి లేచినప్పుడు లోయంతా మునిగి బే అయింది. "అంటే మునిగినా నిలబడొచ్చు" అంది. "ఓ, నిలబడొచ్చు, రెండంతస్తుల పొడుగుంటే" అన్నారు తాతయ్య.

దార్లో థామస్ పాయింట్ దీపస్తంభం. స్తంభం అన్నాను కానీ అది ఇల్లు. ఆరు మూలల తెల్లటి ఇల్లు, ఎర్ర కప్పు, నీళ్లలో ఇనప కాళ్ల మీద నిలబడి ఉంది. కాళ్ల చివర్లు మరమేకుల్లా ఉంటాయట, బురదలోకి తిప్పి దించారు. 1875 నాటిది. 1986 దాకా అందులో మనుషులు కాపురం ఉండి దీపం చూసుకున్నారు. నాలుగు వైపులా నీళ్లే ఉన్న ఆ ఇంట్లో పప్పులో ఉప్పు అయిపోతే ఏం చేసేవారో అనిపించింది నాకు.

దాన్ని దాటాక పాపకి ఉద్యోగం ఇచ్చారు. బేలో ఎక్కడ చూసినా పీతల బుట్టల బెండ్లు తేలుతుంటాయి. అడుగున ఇనప తీగల బుట్ట, దాని నుంచి పైకి తాడు, తాడు చివర రంగు బెండు. ఇంజన్ వేసినప్పుడు ఆ తాడు పడవ కింద తిరిగే పంఖాకి చుట్టుకుందంటే నీళ్లలోకి దిగి కత్తితో కోసుకోవాల్సిందే. "ఎర్రది! కుడి! తాతయ్యా, తెల్లది, రెండు!" అని రెండు గంటలు అరుస్తూనే ఉంది. బ్లడీ పాయింట్ దగ్గర తూర్పుకి తిరిగాం. అక్కడొక ఇనప దీపస్తంభం కాస్త పక్కకి వాలి నిలబడి ఉంది. 1882లో కట్టారు. పడవ ఒరగడం వల్ల నాకు అదొక్కటే నిటారుగా కనిపించింది.

శనివారం మధ్యాహ్నం, షా బే

వై నది ముఖంలో, బ్రఫ్స్ దీవి చాటున ఉన్న నీటి మడుగు షా బే. మేం వెళ్లేసరికి అప్పటికే ఐదు పడవలు కట్టేసుకుని ఉన్నాయి. రేడియోలో ఛానెల్ 68 మీద పిలిస్తే ఒక ఆడగొంతు పలికింది: "ఎడమ చివర మీ చోటు. ఫెండర్లు కుడివైపు కట్టండి, ఎత్తు తక్కువగా. తొందరేం లేదు."

ఆవిడే పెద్ద పడవ యజమాని. డెబ్బై దాటి ఉంటుంది, నర్సుగా చేసి రిటైరైందట. గడ్డి టోపీ, ఒక చేతిలో కాఫీ కప్పు. ఆ కప్పు కింద పెట్టకుండా రెండో చేత్తోనే పడవల్ని నడిపించింది. అందరి బరువూ మోసేది ఆవిడ లంగరే. పది అడుగుల లోతుకి నూటయాభై అడుగుల గొలుసూ తాడూ వదిలిందని తర్వాత చెప్పింది. గొలుసు ఎంత పొడుగ్గా పడుకుంటే లంగరు అంత అడ్డంగా లాగబడి బురదలోకి దిగుతుంది. తక్కువ వదిలితే పైకి లేచి ఊడుతుంది.

ఫెండర్లంటే గాలి నింపిన లావుపాటి గొట్టాలు. పడవా పడవా రాసుకోకుండా మధ్యలో వేలాడదీస్తారు. ఆ పని నాకు అప్పగించారు. ఆరు కట్టాను. ఐదు నిలబడ్డాయి. ఆరోది నేను వేసిన ముడి ఊడి నీళ్లలో తేలుతూ, మమ్మల్నందర్నీ దాటుకుని వెళ్లిపోయింది. ఎవరో పిల్లాడు రబ్బరు పడవలో వెళ్లి తెచ్చి, నా చేతికిచ్చి, ఏం మాట్లాడకుండా ముడి ఎలా వేయాలో రెండుసార్లు వేసి చూపించాడు. వాడికి తొమ్మిదేళ్లుంటాయేమో.

దగ్గరికి చేరేటప్పుడు అందరూ చెప్పిన మాట ఒకటే: చెయ్యీ కాలూ రెండు పడవల మధ్య పెట్టొద్దు. మా పడవ ఐదున్నర టన్నులు. నడక వేగం కన్నా నెమ్మదిగా కదుల్తున్నా దాన్ని చేత్తో ఆపేవాడు లేడు. తాడు విసరకూడదు, చేతికి అందించాలి. ముందొకటి, వెనకొకటి, మధ్యలో ఏటవాలుగా రెండు. ఆ ఏటవాలు తాళ్లే పడవ ముందుకీ వెనక్కీ జారకుండా ఆపుతాయి.

కట్టాం, అయిపోయింది అనుకుంటే గడ్డి టోపీ ఆవిడ పైకి చూస్తూ "రెండడుగులు వెనక్కి" అంది. ఎందుకో అర్థం కాలేదు. మామయ్యగారు నా తల పట్టుకుని పైకి తిప్పారు. స్తంభం సగం ఎత్తులో అటూ ఇటూ చేతుల్లా అడ్డకర్రలు ఉన్నాయి. పక్క పడవకీ ఉన్నాయి. ఏ మోటారు పడవో అలలు లేపుకుంటూ పోతే మా రెండు పడవలూ చెరో పక్కకీ ఊగి, కింద ఫెండర్లు ఉన్నా పైన ఆ చేతులు గుద్దుకుంటాయి. అందుకని స్తంభాలు ఒకే వరసలో లేకుండా ముందూ వెనకా ఉండాలి. కింద ముడుల మీదే కళ్లు పెట్టుకున్న నాకు పైన ప్రమాదం ఉంటుందని తట్టనే లేదు.

నాలుగింటికల్లా తొమ్మిది పడవలయ్యాయి. అంటే ఒక వాడకట్టు. ఇక వాడ మర్యాదలు మొదలు. ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లాలంటే మధ్యలో అందరి పడవలూ తొక్కాల్సిందే. కానీ ముందు భాగం మీదుగానే నడవాలి. వెనక కూర్చునే చోటు వాళ్ల వసారా. పిలవనిదే అందులో కాలు పెట్టకూడదు, లోపలికి తొంగి చూడకూడదు. ప్రతి పడవ అంచునా ఆగి "రావచ్చా?" అని అడగాలి. జవాబు ఎప్పుడూ "రండి" అనే. అయినా ప్రతిసారీ అడగాలి. వర్జీనియాలో మా ఇంటికి అటూ ఇటూ ఉన్న రెండు ఇళ్ల వాళ్ల పేర్లు ఏడేళ్లుగా నాకు తెలీవు. ఇక్కడ గంటలో ఎవరి మోకాలికి ఆపరేషన్ అయిందో, ఎవరి కూతురు ఏ కాలేజీకి వెళ్లిందో తెలిసిపోయింది.

శనివారం సాయంత్రం

అరటిపళ్లు బయటపడ్డాయి. గరిటె కోసం అర తెరిచినప్పుడు పక్క పడవాయన కిటికీలోంచి చూశాడు. చేపలు పట్టే మనిషి, ఆరడుగుల పైన ఉంటాడు, ముంజేతి మీద లంగరు పచ్చబొట్టు. "అవి అవేనా?" అని రెండడుగులు వెనక్కి వేశాడు. సగం నవ్వుతున్నాడు, సగం నిజంగానే అంటున్నాడు. మామయ్యగారు "మా దేశంలో ఇవి లేనిదే పెళ్లి కూడా జరగదు" అన్నారు. "మరి పెళ్లిళ్లు బాగా సాగుతున్నాయా?" అన్నాడాయన. చివరికి రాజీ కుదిరింది: పళ్లన్నీ చీకటి పడకముందే తినేసి, తొక్కలు మూటకట్టి మా పడవలోనే పెట్టుకోవాలి. పిల్లలు ఆరుగురు చేరి పది నిమిషాల్లో ఆ పని ముగించారు.

తిండి ఎవరికి వాళ్లు తెచ్చుకుని కలిపి పెట్టుకోవడమే. అత్తయ్యగారు పెద్ద స్టీలు గిన్నె నిండా పులిహోర పంపారు. ఆవిడకి నీళ్ల మీద తల తిరుగుతుంది, అందుకే రారు. గిన్నె వస్తుంది. ఫ్రిజ్ లేకపోయినా చెడిపోదు, చేత్తో తినొచ్చు, పడవకి ఇంతకన్నా మంచి తిండి లేదు. ఒకావిడ ఎండుమిరపకాయని అలంకారం అనుకోలేదు, కూరగాయ అనుకుంది. నమిలి మింగి, మంచినీళ్లు తాగి, మళ్లీ పెట్టించుకుంది.

స్మిత్ ఐలాండ్ కేకు కూడా వచ్చింది. మేరీలాండ్ రాష్ట్రం 2008లో దీన్ని అధికారిక మిఠాయిగా ప్రకటించింది. దోసెలంత పల్చటి కేకులు ఎనిమిదో పదో ఒకదాని మీద ఒకటి, మధ్యమధ్యలో చాక్లెట్ పూత. పూతరేకుల ఓపిక ఉన్న వాళ్లెవరో కనిపెట్టి ఉంటారు.

అసలు విందు పీతలు. దగ్గర్లోని సెయింట్ మైకేల్స్ అనే ఊరి నుంచి ఒకాయన ఆవిరిపట్టిన పీతల బస్తా తెచ్చాడు. పెద్దలకి తలా 40 డాలర్లు, పిల్లలకి ఉచితం. బల్ల మీద న్యూస్ పేపర్లు పరిచి కుప్ప పోశారు. పైన ఓల్డ్ బే మసాలా ఎర్రటి తడి ఇసుకలా అంటుకుని ఉంది. కారం తక్కువ, ఉప్పూ వాసనా ఎక్కువ. తలా ఒక చెక్క సుత్తి ఇచ్చారు. మామయ్యగారు సుత్తి ముట్టుకోలేదు. పీతని వెల్లకిలా తిప్పి, పొట్ట మీది సన్నటి రేకుని బొటనవేలితో లేపి, పై చిప్ప ఊడదీసి, పక్కల ఉన్న బూడిదరంగు వేళ్లలాంటి మొప్పలు గిల్లి పారేశారు. మధ్యలోకి విరిచి, వెనక కాలు పట్టుకుని మెల్లిగా లాగితే తెల్లటి కండ మొత్తం కాలితోపాటు వచ్చేసింది. పది సెకన్లు. పచ్చబొట్టాయన సుత్తి పక్కన పెట్టి, "మళ్లీ చెయ్యండి, నెమ్మదిగా" అన్నాడు. ఆ తర్వాత గంటసేపు మామయ్యగారి నోట కాకినాడ తప్ప వేరే ఊరు లేదు. నాకు మాత్రం, నిజం చెప్పాలంటే, చింతపండూ ఉల్లిపాయా లేని పీత సగం పీతే.

పొద్దు గూకే వేళ ఎవరో శంఖం ఊదారు. నిజంగా శంఖమే. సూర్యుడు దిగేటప్పుడు ఊదడం పడవల వాళ్లకి అలవాటట. మామయ్యగారు కూర్చున్నవారు కూర్చున్నట్టే చేతులు జోడించారు.

అప్పుడే గడ్డి టోపీ ఆవిడ దక్షిణం ఒడ్డు చెట్ల వైపు చూపించింది. ఆ వెనకాల వై హౌస్ ఉంది. ఒకప్పుడు వేలాది ఎకరాల ఎస్టేటు. బానిసత్వానికి ఎదురు పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ చిన్నప్పుడు బానిసగా ఉన్నది అక్కడే, 1820లలో. పదహారేళ్ల వయసులో సెయింట్ మైకేల్స్ వైపు ఇంకో పొలానికి అద్దెకి పంపారు. అక్కడ ఆదివారాలు ఒంటరిగా ఒడ్డున నిలబడి, బేలో పోయే తెల్ల తెరచాపల్ని చూస్తూ అవి స్వేచ్ఛగా పోతున్నాయి, నేను సంకెళ్లలో ఉన్నాను అనుకునేవాడినని ఆయన తన ఆత్మకథలో రాసుకున్నాడు. 1838లో తప్పించుకున్నాడు. 1881లో, పేరూ పదవీ వచ్చాక, వై హౌస్ చూడ్డానికి మళ్లీ వచ్చాడు. ఆవిడ ఇది చెప్పాక కాసేపు ఎవరూ సుత్తి ఎత్తలేదు.

శనివారం రాత్రి, వేరే వాడ

తొమ్మిదింటికి పాప రబ్బరు పడవలో తిప్పమంది. తెడ్డు నీళ్లలో వేయగానే ఆకుపచ్చగా మెరిసింది. చెసపీక్‌లో ఒక రకం జెల్లీ జీవులు ఉంటాయి, కుట్టవు. కదిలిస్తే వెలుగుతాయి. తెడ్డు వేసినప్పుడల్లా నీళ్లలో మతాబు. పాప ఇంకా ఇంకా అంది. నేను ఇంకా ఇంకా వేశాను. తలెత్తి చూస్తే ఎటు నుంచి వచ్చామో తెలీలేదు.

లంగరు వేసిన ప్రతి పడవకీ స్తంభం మీద ఒక తెల్ల దీపం ఉండాలని నియమం. చూసినంత మేరా తెల్ల దీపాలే. వాటిలో ఎక్కువ ఉన్న చోటికి తెడ్డేశాను. చివరి పడవ తెల్లగా, మాదిలాగే ఉంది. తాడు కట్టి, పాపని ఎక్కించి, నేనూ ఎక్కి "మామయ్యగారూ" అన్నాను. దుప్పటి కప్పుకున్న ఒక ముసలావిడ పుస్తకంలోంచి తలెత్తింది.

ఆ రాత్రి షా బేలో రెండు రాఫ్ట్‌లు ఉన్నాయి. అడక్కుండా ఎక్కామని నేను సిగ్గుతో చచ్చిపోతుంటే ఆవిడ పాపకి వేడి చాక్లెట్ ఇచ్చింది. "ఏటా ఒకళ్లైనా వస్తారు. పోయినసారి వచ్చినాయన పడుకునేశాడు కూడా" అంది. మా వాళ్ల దీపాలు చూపించి, "పెద్ద పడవ వెనకాల నీలం దీపం వేలాడేశారు, అది చూసుకుంటూ వెళ్లు" అని పంపించింది.

ఆదివారం, తెల్లవారుజాము రెండు

రాత్రికి విడిపోయి ఎవరి లంగరు వాళ్లు వేసుకోవడమే మంచి పద్ధతని అందరికీ తెలుసట. ముగ్గురు చీకటి పడగానే అలాగే వెళ్లారు. గాలి లేదు కదా అని ఆరు పడవలం ఉండిపోయాం.

రెండింటికి చల్లటి గాలి. ముందు తాళ్లు మూలిగాయి, తర్వాత ఫెండర్లు కీచుమన్నాయి. గాలి వాయవ్యానికి తిరిగింది. ఆరు పడవల బరువుతో ఒక్క లంగరు. పెద్ద పడవలో అలారం మోగింది, మేమందరం కలిసి ఒడ్డు వైపు జారుతున్నామని. కేకలేం లేవు. గడ్డి టోపీ ఆవిడ, ఇప్పుడు టోపీ లేదు, రెయిన్‌కోటులో నిలబడి "చివర నుంచి, ఒక్కొక్కరు" అంది. ఎడమ చివర మేమే.

మామయ్యగారు ఇంజన్ వేశారు. పచ్చబొట్టాయన చొక్కా లేకుండా వచ్చి మా తాళ్లు ఒక్కొక్కటే వదిలి చేతికందించాడు. చిమ్మచీకట్లో రెండు వందల గజాలు వెళ్లాం. నా చోటు ముందు, లంగరు దగ్గర. తొమ్మిదడుగుల నీళ్లు, పడవ ముక్కు నీళ్లకి నాలుగడుగుల పైన, మొత్తం పదమూడు, దానికి ఏడు రెట్లు. తొంభై అడుగులు వదలాలి. గొలుసుకి పాతిక అడుగులకో రంగు గుర్తు. అంతా సాయంత్రమే నేర్పారు. కానీ లంగరు నీళ్లలో పడగానే గొలుసు గరగరమని పరిగెత్తిన చప్పుడుకి భయపడి, పాతిక దగ్గరే బ్రేకు బిగించేశాను.

వెనక నుంచి గాలిని చీల్చుకుంటూ వచ్చింది గొంతు: "ఒరేయ్! వదలరా గొలుసు! వదులు!"

వదిలాను. ఎరుపు పోయింది, పసుపు పోయింది, నీలం పోయింది. పడవ ఒక్కసారి లాగి, ముక్కు గాలికి తిప్పుకుని నిలబడింది.

తెల్లారేదాకా ఇద్దరం కూర్చుని ఒడ్డు మీద రెండు దీపాల్ని చూస్తూ ఉన్నాం. అవి ఒకదానికొకటి జరక్కపోతే మేమూ జరగట్లేదని. పాప దేనికీ లేవలేదు.

ఆదివారం ఉదయం

గాలి తగ్గింది. దూరం దూరంగా ఆరు పడవలు, అందరూ క్షేమం. ఆవిడ కాఫీ కప్పుతో చెయ్యి ఊపింది.

మా పక్క నుంచి పీతలాయన చిన్న పడవలో పోతున్నాడు. నదిలో ఇక్కడ బేలోలాగా బుట్టలు వేయనివ్వరు, ఎక్కువగా తాడుతోనే పడతారు. నీటి అడుగున పొడుగాటి తాడు పరిచి, కొన్ని అడుగులకొక కోడి మెడ ముక్క కడతారు. గాలం ఉండదు. పడవ పక్కన ఒక రోలరు. దాని మీదుగా తాడు పైకి లేస్తూ, అవతల మళ్లీ కిందకి పోతుంటుంది. ముక్కని పట్టుకున్న పీత వదలబుద్ధి కాక దానితోపాటే పైకొస్తుంది. నీటి పైకి రావడానికి క్షణం ముందు, వెలుతురు చూసి అది వదిలేసే లోపల, వల గరిటెతో అందుకోవాలి. ఆయన అసలు కిందకి చూస్తున్నట్టే లేడు. చెయ్యి దానంతటదే వెళ్లి వస్తోంది.

మామయ్యగారు ఉప్మా చేశారు. నాకు పెద్ద ప్లేటు, మీద జీడిపప్పు ఏరి మరీ వేశారు. "అల్లుడుగారూ, ఇంకాస్త వేసుకోండి. మీరసలు ఏం తినట్లేదు. కాఫీలో చక్కెర సరిపోయిందాండీ?" 'అండీ'లు రోజూ కన్నా రెట్టింపయ్యాయి. రాత్రి సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పాప మాత్రం ఎవరో చెప్పగా విందేమో, "తాతయ్య నిన్ను ఒరేయ్ అన్నాడటగా" అంది. ఆయన ఇంజన్ ఆయిల్ చూడ్డానికి లోపలికి వెళ్లిపోయారు.

తిరుగు ప్రయాణంలో గాలి ఎదురు. ఏడు గంటలు, ముఖాన నీళ్లు, చెప్పడానికి ఇంకేం లేదు. అన్నాపొలిస్‌లో మరుగుదొడ్డి ట్యాంకు ఖాళీ చేయించడానికి ఐదు డాలర్లు. బేలో వదలడం నేరం. డీజిల్ డబ్బులిస్తే "అల్లుడి దగ్గర పుచ్చుకుంటామా?" అన్నారు. పీతలకి ఇద్దరివీ నేనిచ్చానని అప్పటికే అలిగి ఉన్నారు.

సామాను సర్దుతూ ఫెండర్లు లెక్కపెట్టాం. ఆరే ఉన్నాయి, కానీ ఒకటి మాది కాదు, నీలం. చీకట్లో తారుమారైంది. ఇంకేదో కూడా తక్కువైనట్టు అనిపించింది కానీ అలసటలో పట్టించుకోలేదు. అదేంటో ఇంటికి చేరాక ఫోన్‌లో తెలిసింది. గాలివాన సంగతీ, లంగరు జారిన సంగతీ మామయ్యగారు పది నిమిషాలు చెప్పాక, అత్తయ్యగారు అంతా విని అడిగిన మొదటి మాట:

"పులిహోర గిన్నె ఏది?"

నేను పచ్చబొట్టాయనకి మెసేజ్ పెట్టాను, మీ ఫెండర్ మా దగ్గరుంది, మా గిన్నె మీ దగ్గరుందా అని. మంగళవారం సాయంత్రం ఫోటో వచ్చింది. ఆయన పడవలో, స్టవ్ పక్కన, తళతళలాడుతూ అత్తయ్యగారి స్టీలు గిన్నె. అడుగున చెక్కించిన మామయ్యగారి పేరు సగం కనిపిస్తోంది. నిండా ఉల్లిపాయలు పోసుకున్నాడు.

అత్తయ్యగారికి పంపాను. చాలాసేపు చూసినట్టున్నారు.

"బాగానే తోముకున్నాడు" అన్నారు.